పేరు మనది, ఇంజను పరులది

మేడ్చలు, శామీర్‌పేట ప్రాంతములవారికి విమానఘోష క్రొత్త గాదు. ఒకవైపు దుండిగల్లు, మరియొకవైపు హకీంపేట. ఆ ఘోషను విని గర్వించువారితో మాకు పేచీ లేదు. అది వెలువడు ఇంజను ఎవరిదని మాత్రము అడుగుచున్నాము.

1953లో మన ప్రభుత్వము ఫ్రాన్సుదేశపు దస్సో సంస్థకు 71 ఉరగాన్ జెట్టు యుద్ధవిమానములకై ఆజ్ఞ యిచ్చెను. ఆ మాటకు తుఫానని యర్థము. మనవారు తుఫానీ యని పేరుపెట్టి సంతసించిరి. (పేరు మార్చినంతనే ఇల్లు మనదగునా?) పిమ్మట మరి 33 వచ్చినవి. 1961లో డయ్యూపై దాడిచేసినవి ఇవియే. వాని సేవను కించపరచుట మా యుద్దేశము గాదు.

అయితే చదువరులు గుర్తింపవలసిన దొకటి గలదు. 1949 ఫిబ్రవరి 28న తొలిసారి యెగిరిన ఆ విమానములోని ఇంజను ఫ్రెంచివారిది సైతము గాదు. ఆంగ్లేయుల రోల్స్‌రాయిస్ నీన్ ఇంజనును హిస్పానో-సూయిజా కర్మాగారము లైసెన్సుపై చేసినది. యుద్ధములో నలిగిన దేశము అరువు తెచ్చుకొనుట తప్పు గాదు. కాని లైసెన్సనునది కౌలుపత్రమే గాని పట్టా గాదని వా రెరుగుదురు. అప్పటికే జర్మను నిపుణులను చేర్చుకొని అతార్ ఇంజనుపై కృషి సల్పుచుండిరి. ఎనిమిదేండ్లు నిండకమునుపే, 1956 నవంబరులో, మిరాజ్ విమానము ఆ ఇంజనుతో ఆకాశమున కెగసెను.

మన మేమి చేసితిమి? బెంగుళూరున రూపొందిన మారుత్ 1961లో ఎగిరినది. దానికై బ్రిటనులో తలపెట్టిన ఇంజనుకు మనము సొమ్ము పెట్ట నొల్లనందున, చాలని శక్తితోనే ఈడ్చుకొనివచ్చెను. కావేరి ఇంజనుకు 1989లో అనుమతి లభించినది. 2001లో తేజస్ అమెరికా ఇంజనుతో లేచినది. హకీంపేటలో మన బిడ్డలు నేర్చిన కిరణ్ విమానమునకును బ్రిటిషు ఇంజనే!

రఫేలు మొండెములను హైదరాబాదులో టాటావారు చేయుదురని 2025 జూనులో ఒప్పందము కుదిరినది. పదిమందికి పని దొరకుట మంచిదే. దానినే స్వావలంబనమని చాటువారిని మాత్రము మేము నమ్మము. మొండెమునకు ప్రాణము ఇంజను. ఇంజనుకు కీలకము దారుణమైన వేడికి చెదరని టర్బైను బ్లేడు. అట్టి ఏకస్ఫటికపు బ్లేడులను కంచన్‌బాగులోని రక్షణ లోహ పరిశోధనశాల 2021లో హెలికాప్టరు ఇంజనుకై చేసి యిచ్చినది. మనవలన గాదనువారు అచ్చటికి పోయి చూడవచ్చును.

క్రొత్తతరపు యుద్ధవిమానమునకు ఫ్రెంచి సఫ్రాన్ సంస్థతో గూడి ఇంజను చేయుదుమని 2025 ఆగష్టులో రక్షణమంత్రి రాజ్‌నాథ్ సింగ్ ప్రకటించెను. వకీలుగా మా ప్రశ్నలు మూడే. ఆ దస్తావేజులో నమూనాలపై హక్కు ఎవరిది? వానిని మార్చి వేరొక విమానమునకు వాడుకొను స్వేచ్ఛ మనకు గలదా? బ్లేడు పోతపోయు విద్య కాగితముపై వచ్చునా, మన పనివారి చేతికి వచ్చునా? ఆ షరతులను పార్లమెంటు ముందుంచవలెను.