మబ్బు చూడటానికి భూమి రాసివ్వాలా?

2025 జనవరి చివర విశాఖపట్నంలో జరిగిన పర్యాటక పెట్టుబడిదారుల సదస్సులో, మన్యంలో హోటళ్లు, రిసార్టులు రావాలంటే 1/70 చట్టాన్ని సవరించాలన్న మాట శాసనసభ స్పీకరు నోట వెలువడగా, ఫిబ్రవరిలో గిరిజన సంఘాలు మన్యం బంద్ పాటించాయి. ఆ చట్టాన్ని రద్దు చేయబోమని ముఖ్యమంత్రి ప్రకటించారు గాని, పర్యాటకానికి చట్టమే అడ్డమన్న వాదంలో నిజమెంతో తేల్చుకోవలసే ఉంది.

1959 నాటి భూబదలాయింపు నిబంధనలను 1970లో సవరించిన ఈ చట్టం, షెడ్యూల్డ్ ప్రాంతంలో, అంటే రాజ్యాంగం ఐదవ షెడ్యూలు కింద రాష్ట్రపతి ఉత్తర్వుతో గుర్తించిన గిరిజన ప్రాంతంలో, స్థిరాస్తి గిరిజనేతరుల చేతికి పోవడాన్ని నిషేధిస్తుంది. అనంతగిరి మండలం బొర్రా ప్రాంతపు గనుల లీజులపై 1997లో సమత కేసులో తీర్పు చెప్పిన సుప్రీంకోర్టు, అక్కడి ప్రభుత్వ భూమిని సైతం గిరిజనేతరులకు, ప్రైవేటు సంస్థలకు లీజుకివ్వరాదని స్పష్టం చేసింది. గనికి వర్తించిన న్యాయం రిసార్టుకు వర్తించదనడానికి ఆధారం కనిపించదు.

చట్టం చెక్కుచెదరకుండా ఉండగానే పర్యాటకులు వస్తున్నారన్నది వాదించేవారు మరచే సంగతి. చలికాలంలో లంబసింగి పొగమంచుకు, వంజంగి కొండపై మబ్బుల సముద్రానికి బారులు తీరే వాహనాలను 1/70 ఏనాడూ ఆపలేదు. అవి వెళ్లిపోయాక మిగిలే ప్లాస్టిక్ సీసాలను ఎత్తే బాధ్యతను ఎవరికీ అప్పగించనూ లేదు. అరకులో పసుపుపచ్చగా విరబూసే వలిసె చేలల్లోకి ఫొటోల కోసం దిగేవారు తొక్కేది నూనెగింజల పంటను. పైగా అది గింజ కట్టడానికి ప్రధానంగా తేనెటీగల మీద ఆధారపడుతుంది. అంతకంటె లోతైన నష్టం నీటిది. అనేక గూడేలు కొండ ఊటనుంచి పైపులో దిగివచ్చే నీటినే తాగుతాయి కనుక, ఊటకు ఎగువన చెట్లు కొట్టి గదులు కట్టి, బోర్లు వేసి, మరుగుదొడ్ల గుంతలు తవ్వితే, దిగువన కాఫీ తోటకూ బిందెకూ చేరేది కొరతే, లేదా మురుగే. ఇక గిరిజనుడి పేరున, బయటి పెట్టుబడితో వెలిసే బినామీ కట్టడాలు చట్టం కఠినమైనందువల్ల పుట్టినవి కావు, అమలు సడలినందువల్ల పుట్టినవి.

షెడ్యూల్డ్ ప్రాంతాలకు పంచాయతీ వ్యవస్థను విస్తరించిన 1996 నాటి పెసా చట్టం, అభివృద్ధి పథకాలకు భూమి సేకరించే ముందు గ్రామసభను గాని, తగిన స్థాయి పంచాయతీని గాని సంప్రదించాలంటుంది. పర్యాటకం కావాలా, ఎంతమంది రావాలి, రుసుము ఎవరికి చెందాలి అన్నవి ఆ సభలోనే తేలాలి. గూడెం వారే ఇంటి గదిని అద్దెకిచ్చి, తామే దారి చూపించే పద్ధతికి ఏ సవరణా అక్కరలేదు. ప్రభుత్వం ముందు వంజంగిలో చెత్త ఎత్తించి, బినామీ కట్టడాలపై విచారణ జరిపించి, ఆ తరువాత గ్రామసభకు వెళ్లాలి. అక్కడ వద్దంటే ఆగాలి.