పాడికి సీమ ఆవు సరే, మన జాతి సంగతేమిటి?

పాలు పెరగాలంటే జెర్సీ, హెచ్.ఎఫ్. సంకరమే దారి అని దశాబ్దాలుగా చెబుతున్నారు. పాలు పెరిగిన మాట నిజం. పంట పోయిన ఏడాది పాల బిల్లుతోనే గట్టెక్కిన ఇళ్లు మనలో ఎన్నో. అయితే ఎండకు రొప్పే ఆవుకు దాణా, మందుల ఖర్చు రైతు నెత్తినే పడింది. కోడెదూడ పుడితే దుక్కికి పనికిరాదు, అమ్మితే ధర రాదు.

ఈ దారిలో మనకంటే ముందు నడిచింది జపాన్. 1868లో మెయిజీ పాలన వచ్చేదాకా అక్కడ పశువు ప్రధానంగా దుక్కికి, బరువు మోయడానికే. కొత్త ప్రభుత్వం పశ్చిమ దేశాల పద్ధతులు తెచ్చింది. అమెరికా నుంచి వచ్చిన ఎడ్విన్ డన్ చేతుల మీదుగా 1876లో హొక్కైడోలోని మకొమనైలో పశుక్షేత్రం వెలిసింది. 1900 నుంచి సీమ ఆంబోతులతో నాటు పశువుల సంకరం ప్రభుత్వ విధానమైంది. పశువు ఒడ్డూ పొడుగూ పెరిగింది కానీ వరి మడిలో చురుకు తగ్గింది, మాంసం నాణ్యతా తగ్గింది. 1910 నాటికి సంకర పశువుల ధర పడిపోయింది. అప్పుడు జపాన్ దారి మార్చుకుంది. పాలకు హోల్‌స్టీన్‌ను ఉంచుకుంది. సొంత పశువుల్లో మేలైనవి ఎంచి, వంశావళి రిజిస్టర్లు రాసింది. 1944లో మూడు జాతులను గుర్తించింది. నేడు లోకమంతా ఖరీదు పెట్టి కొనే వాగ్యు ఆ శ్రమ ఫలమే.

పశువును ఎంచడం మనకు తెలియని విద్య కాదు. పెద్దల పేరిట మేలైన కోడెను ఎంచి ఊరికి ఆంబోతుగా వదిలిన ఆచారమే ఒంగోలు జాతిని నిలబెట్టింది. ఆ పశువులు ఓడలెక్కి బ్రెజిల్ చేరి, నెల్లూరు పేరుమీద 'నెలోర్' అయ్యాయి. అక్కడివారు ప్రతి దూడ పుట్టుకా, ఎదుగుదలా రాసుకుంటూ జాతిని పెంచారు. 2023లో వియాటినా–19 అనే నెలోర్ ఆవు విలువ 40 లక్షల డాలర్లు దాటింది. ఇక్కడ మాత్రం ట్రాక్టరు వచ్చాక ఒంగోలు ఎద్దుకు పని తగ్గింది. నల్లమలలో అమ్రాబాద్ పొడ తూర్పు పశువులకు జాతి గుర్తింపు దక్కింది, అడవిలో మేతకు మాత్రం ఆటంకాలు తప్పడం లేదు.

సంకర ఆవును తరిమేయమని మేం అనడం లేదు. నీళ్లు, పచ్చిమేత ఉన్నచోట అది ఉండాలి. కానీ ఎదకు వచ్చిన ఆవుకు ఏ జాతి సూది వేయించాలో రైతే ఎంచుకోగలగాలి. ఒంగోలు, పొడ తూర్పు మేలురకం వీర్యం గోపాలమిత్ర దగ్గర ఊళ్లోనే దొరకాలి. ఈనిన తేదీ, తల్లి పాలు, తండ్రి జాతి రాసిన పుస్తకం ప్రతి పశువుకూ ఉండాలి. సొంత జాతి ఆంబోతును మేపే రైతుకు ప్రభుత్వం మేత ఖర్చు ఇవ్వాలి. పోడు, మేత భూములపై పశుపోషకుల హక్కును కాపాడాలి.

సంఘ గ్రామ కమిటీలు ఈ నెలలోనే తమ ఊళ్లో మిగిలిన నాటు ఆవులను, ఆంబోతులను లెక్క రాయాలి. ఆ జాబితాలతోనే మండల పశువైద్యాధికారిని కలుద్దాం.