ధర అడిగే ముందు పళ్లు లెక్కపెట్టండి

దమ్ముల రోజుల్లో ట్రాక్టరు షెడ్డులో నిలబడిందంటే నష్టం యజమాని ఒక్కడిదే కాదు. కాలువ నీటి వంతు దాటిపోతుంది, నారు ముదురుతుంది, పిలిచిన కూలీలు వేరే చేలోకి వెళ్లిపోతారు. దమ్ము చక్రాలతో బురదలో తిరిగే బండికి క్లచ్ అరగడం మామూలే. కానీ కొత్త ప్లేటు వేయించిన నెలకే మళ్లీ జారుతోందంటే మాత్రం బురదను తిట్టి లాభం లేదు, ముందు కొన్న సరుకును చూసుకోవాలి.

దుకాణంలో మనవాళ్లు అడిగే మొదటి మాట "ఎంత?", రెండో మాట "ఎంత తగ్గిస్తావ్?". మా బండికి కూర్చుంటుందా అని అడిగేవారు తక్కువ. ఎద్దును కొనేటప్పుడు నోరు తెరిచి పళ్లు చూసే రైతు, క్లచ్ ప్లేటు పళ్లు చూడకుండా ఇంటికి తెచ్చుకుంటున్నాడు.

కంపెనీ సరుకే కొనాలా, బయటి సరుకు కొనొచ్చా అన్న వాదన ఎప్పుడూ ఉండేదే. బయటిదంతా నాసిరకం అనడం సరికాదు. ట్రాక్టరు కంపెనీలు చాలావరకు క్లచ్‌లను వేరే తయారీదారుల దగ్గర కొని బిగిస్తాయి. ఆ తయారీదారులే తమ పేరుతో బజారులోనూ అమ్ముతారు. కాబట్టి పేరున్న బయటి సరుకు కొంటే తప్పులేదు. కొలత కలవనిది కొంటేనే తప్పు.

ఏమేం కలవాలి?

మోడల్ పేరు ఒక్కటే చెబితే చాలదు. ఒకే మోడల్‌లో సింగిల్ క్లచ్ బండ్లూ ఉంటాయి, డబుల్ క్లచ్ బండ్లూ ఉంటాయి. అందుకే విప్పిన పాత ప్లేటును గోనెసంచిలో వేసుకుని మరీ వెళ్లండి. బండి పుస్తకంలోని పార్టు నంబరు, ఛాసిస్ నంబరు రాసుకెళ్లండి.

రెండు ప్లేట్లూ పక్కపక్కన పెట్టి ముందు అడ్డకొలత చూడాలి. 11 అంగుళాల ప్లేటు ఉన్నచోట 12 అంగుళాలది పనికిరాదు. తర్వాత మధ్యలోని హబ్బు పళ్లు లెక్కపెట్టాలి. బిగించే ముందు మెకానిక్ చేత షాఫ్టు మీద తొడిగించి చూడండి. సులువుగా జరగాలి, వదులుగా ఊగకూడదు. ప్లేటు మందం తేడా వస్తే ప్రెషరు ప్లేటు వేళ్ల ఎత్తు మారిపోతుంది. అప్పుడు పెడల్ పూర్తిగా తొక్కినా గేరు గరగరమంటుంది, లేదా వదిలినా జారుతుంది. డబుల్ క్లచ్ అయితే పీటీఓ ప్లేటును కూడా ఇలాగే పోల్చాలి.

"బటన్ ప్లేటు వేయండి, ఇక తిరుగుండదు" అని కొందరు అంటుంటారు. అది వేడికి ఎక్కువ ఓర్చే మాట నిజమే. అయితే పట్టు ఒక్కసారిగా పడి బండి గుంజుతుంది, ఫ్లైవీలు త్వరగా అరుగుతుంది. మీ మోడల్‌కు సరిపోతుందని తయారీదారు రాసి ఉంటేనే వేయించాలి.

క్లచ్ మార్చాలంటే ఇంజనును, గేరుబాక్సును విడదీయాల్సిందే. ప్లేటు దగ్గర మిగిల్చిన డబ్బు రెండోసారి విప్పే కూలికి ఏ మూలకూ రాదు. విప్పినప్పుడే రిలీజ్ బేరింగు, పైలట్ బేరింగు, ఆయిల్ సీళ్లు చూపించండి. నూనె పడితే ఎంత మంచి ప్లేటైనా జారుతుంది. ఫ్లైవీలు మీద గీతలు, నీలి మచ్చలు ఉంటే లేతు పట్టించాకే బిగించాలి.

బిల్లు వదలొద్దు

పెట్టె మీద తయారీదారు పేరు, చిరునామా, ధర, నెల, సంవత్సరం ఉండాలి. అవి లేని సరుకు వద్దు. "బిల్లు లేకపోతే తగ్గిస్తా" అంటే ఒప్పుకోవద్దు. ట్రాక్టరు క్లచ్ భాగాల మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 18 శాతం నుంచి 5 శాతానికి దిగింది. ఆ 5 శాతం కోసం బిల్లు వదులుకుంటే రేపు అడిగే హక్కు పోయినట్టే. బిల్లు మీద పార్టు నంబరు, బండి మోడల్ రాయించుకోండి. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో 5 లక్షల రూపాయల లోపు వ్యవహారానికి ఫిర్యాదు రుసుము లేదు.

దుకాణదారులకూ ఒక మాట. ఏ మోడల్‌కు ఏ నంబరు ప్లేటో ఒక పట్టిక రాసి గోడకు తగిలించడానికి పెద్ద ఖర్చేమీ కాదు. వ్యవసాయ శాఖ కూడా యంత్రాల సబ్సిడీల గురించి చెప్పే సభల్లోనే విడిభాగాలు ఎంచుకోవడం గురించి ఒక పూట చెప్పించాలి. బండి కొనిపించడంతోనే బాధ్యత తీరిపోదు.