శాలువాలు సరే, హాస్టల్ దాకా నడవండి!

ఉస్మానియాలో చదివి విదేశాల్లో స్థిరపడ్డవాళ్లు తిరిగొచ్చినప్పుడల్లా క్యాంపస్‌లో పండుగ చేయడం ఆనవాయితీ అయింది. 2017 ఏప్రిల్ 26న రాష్ట్రపతి ప్రణబ్ ముఖర్జీ ప్రారంభించిన శతాబ్ది ఉత్సవాల్లో పూర్వ విద్యార్థుల సమ్మేళనం జరిగింది. 2023 జనవరిలో ప్రపంచ స్థాయి సమ్మేళనం పేరుతో మరోసారి జరిగింది. పిలవడాన్ని మేం తప్పుపట్టడం లేదు. ఈ గడ్డ మీద చదివినోళ్లు ఏ దేశంలో ఉన్నా మనోళ్లే. వచ్చినవాళ్లకు ఏం చూపిస్తున్నాం, వాళ్లను ఏం అడుగుతున్నాం అన్న దగ్గరే మా పేచీ.

వేదిక, పూలదండ, శాలువా, జ్ఞాపిక, విందు. చివర్లో విరాళాల ముచ్చట. అతిథి కారు ఆర్ట్స్ కాలేజీ మెట్ల దగ్గర ఆగుతుంది, ఫొటో దిగాక అక్కడి నుంచే వెళ్లిపోతుంది. హాస్టళ్ల దిక్కు తిరగదు.

2007లో అడోబీ కంపెనీకి సీఈఓ అయిన శంతను నారాయణ్ ఇక్కడి ఇంజనీరింగ్ కాలేజీలోనే ఎలక్ట్రానిక్స్ చదివారు. ఇట్లాంటి సభల్లో ఆ పేరు తలచుకోవడం న్యాయమే. అయితే ఆ తరాన్ని చదివించింది ఎవరు? సర్కారు ఖజానా. అంటే పన్ను కట్టిన రైతు, బీడీలు చుట్టిన అక్క, బొగ్గు తవ్విన కార్మికుడు. వాళ్ల పిల్లలే ఇప్పుడు అదే క్యాంపస్‌కు వస్తున్నారు. వచ్చి చూస్తే పాఠం చెప్పాల్సిన కుర్చీలు ఖాళీ!

శతాబ్ది జరుపుకున్న ఆ 2017లోనే 11 విశ్వవిద్యాలయాల్లో 1,061 అధ్యాపక పోస్టులు నింపుతామని సర్కారు ప్రకటించింది. నింపలేదు. 2022 సెప్టెంబరులో ఉమ్మడి నియామక మండలి కోసం శాసనసభ బిల్లు పాస్ చేసింది. అది రాజ్‌భవన్‌లో నెలల తరబడి ఆగి, 2023 ఏప్రిల్‌లో రాష్ట్రపతి పరిశీలనకు పోయింది. రిటైరయ్యేవాళ్లు రిటైరవుతూనే ఉన్నారు. ఆ బరువంతా మోసింది కాంట్రాక్టు, పార్ట్‌టైం అధ్యాపకులు. ఏళ్లకేళ్లుగా పాఠం చెప్పిన ఆ మనిషికి కప్పిన శాలువా మేమైతే చూడలేదు.

కనుక విరాళాల గురించి ఒక మాట సూటిగా చెప్పాలి. ఒక బ్యాచ్ వాళ్లు గది కట్టిస్తే, కంప్యూటర్లు కొనిస్తే చేతులెత్తి మొక్కుతాం. కానీ ఆ గదిలో పాఠం చెప్పే మనిషికి నెలనెలా జీతం ఇవ్వాల్సింది సర్కారే. ప్రవాసుల చెక్కు చూపించి పాలకులు తమ బాధ్యత దులుపుకుంటే, ఆ చెక్కు మేలు చేసినట్టా, కీడు చేసినట్టా?

పైసల కన్నా విలువైనది అతిథుల దగ్గర ఇంకొకటి ఉంది. వాళ్ల గొంతు. 1969లో ఇక్కడి విద్యార్థులు ఒక విద్యా సంవత్సరాన్నే వదులుకున్నారు. 2010 జనవరి 3న విద్యార్థి గర్జనకు క్యాంపస్ జనసంద్రమైంది. మలిదశ ఉద్యమానికి విదేశాల్లోని మనవాళ్లు దన్నుగా నిలిచారు. అమెరికాలో తెలంగాణ డెవలప్‌మెంట్ ఫోరం 1999లోనే పుట్టింది. రాష్ట్రం కోసం అంత దూరం నుంచి వినబడ్డ గొంతు, మంత్రి పక్క కుర్చీలో కూర్చోగానే ఎందుకు మెత్తబడాలి? ఖాళీల లెక్క అడగడానికి అంతకన్నా మంచి వేదిక దొరుకుతుందా? విద్యార్థి అడిగితే లాఠీ లేస్తుంది. అతిథి అడిగితే జవాబైనా వస్తుంది.

ఇక భాష సంగతి. 1919లో తరగతులు మొదలైనప్పుడు ఇక్కడ బోధన ఉర్దూలో. దారుల్ తర్జుమా అనే అనువాద సంస్థ పాఠ్యపుస్తకాలు తయారుచేస్తే, వైద్యం, ఇంజనీరింగ్ కూడా ఉర్దూలోనే చెప్పారు. ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లలు ఆ ఉర్దూతో కుస్తీ పట్టారు. ఇప్పుడు సర్కారు బడి నుంచి వచ్చిన పిల్ల పీజీలో ఇంగ్లీషుతో కుస్తీ పడుతోంది. తెలుగు మీడియంలో చదివి, ఈ హాస్టళ్లలో ఉండి, ఇంగ్లీషు గోడ దాటి సముద్రాలు దాటినవాళ్లు అతిథుల్లో ఎంతమందో. ఎట్ల దాటారో ఆ పిల్లకు చెప్పాల్సింది వాళ్లే. పది నిమిషాల ప్రసంగంలో అది తేలదు, పక్కన కూర్చుని చెప్పాలి. ఇంటికి వెళ్లాక ఫోన్లోనైనా నెలకో గంట ఇవ్వాలి.

విశ్వవిద్యాలయ అధికారులకు మా విన్నపం చిన్నదే. ఈసారి సమ్మేళనం పెట్టినప్పుడు విందు పెద్ద హోటల్‌కు అప్పగించకండి. మధ్యాహ్నం భోజనం మెస్సులోనే, విద్యార్థుల వరుసలోనే పెట్టండి. మేమూ ఆ పప్పుచారు తిన్నవాళ్లమే, ఎవరికీ ఏమీ కాదు. తిన్నాక ఒక రెండు గంటలు హాస్టల్ గదుల్లో వదిలేయండి, వెంట అధికారులెవరూ పోవద్దు. శాలువా సాయంత్రం కప్పినా, మరిచిపోయినా వాళ్లేమీ అనుకోరు.