ఆఖరి ప్లేటు

పంక్ రాక్ అనగానే మన ఇళ్ళల్లో పెద్దలు చెవులు మూసుకుంటారు. వాళ్ళని తప్పు పట్టను. గిటారు మోత, డ్రమ్ముల దెబ్బలు, పాట మొదలయిందనుకునే లోపలే సమాప్తం! సంగీతం నేర్చినవాళ్ళే పాడాలన్న పెద్దరికం మీద తిరగబడి, 1970ల నడుమ అమెరికా, ఇంగ్లండు కుర్రకారు లేవదీసిన గోల అది. సరే, గోల చేసిన కుర్రవాళ్ళు ముసలివాళ్ళయితే ఏం చేస్తారు? జవాబు కావాలంటే ‘స్మోక్ అండ్ ఫిక్షన్’ అనే ఎల్.పి. రికార్డు వినాలి.

లాస్ ఏంజిలిస్ నగరంలో 1977లో పుట్టిన ఆ బృందం పేరు ‘ఎక్స్’. ఒక్కటే అక్షరం! 2024 ఆగస్టులో ఈ రికార్డు వచ్చింది. ఇదే తమ ఆఖరి ఆల్బమని వాళ్ళే ముందుగా చాటారు. గిటారు వాయించే బిల్లీ జూమ్‌కి అప్పటికి 76 ఏళ్ళు. 2015లో కాన్సరుకి చికిత్స చేయించుకుని మళ్ళీ వేదిక ఎక్కిన మనిషి. వాయిస్తున్నంతసేపూ కాళ్ళు ఎడంగా పెట్టి, ఏమీ ఎరగనట్టు చిరునవ్వుతో నిలబడేవాడు. డ్రమ్ములు డి.జె. బోన్‌బ్రేక్‌వి.

పాడే ఇద్దరూ ఎక్సీన్ సర్వెంకా, జాన్ డో. తెలుగు పాఠాలు చెప్పుకునే నాకు వీళ్ళమీద అభిమానం కలగడానికి కారణం ఉంది. వీళ్ళు మొదట కలుసుకున్నది పాటకచేరీలో కాదు, వెనిస్ అనే పేటలో జరిగే కవితాగోష్ఠిలో! 1980లో పెళ్ళాడారు, 1985లో విడాకులు పుచ్చుకున్నారు. అటుపైన కూడా ఒకే వేదికమీద పక్కపక్కన నిలబడి పాడారు. మనలో ఎంతమందికి సాధ్యం చెప్పండి?

ఆ రెండు గొంతులూ కలిస్తే మన చెవికి మొదట శ్రుతి తప్పినట్టే ఉంటుంది. ఆవిడ స్వరం ఆయన స్వరానికి అతికీ అతకనట్టు, కాస్త ఎడంగా నడుస్తుంది. రెండోసారి వింటే ఆ ఎడమే కావాలనిపిస్తుంది. అచ్చంగా కలిసిపోతే ఇది మామూలు యుగళగీతం అయిపోయేది గదా!

మొత్తం పది పాటలు, రెండు పక్కలూ కలిపి అరగంట లోపే. కాఫీ చల్లారకముందే లేచి ప్లేటు తిప్పాలి. ఫోనులో వింటే పాట మీద పాట దొర్లిపోతుంది, తుదీ మొదలూ తెలియదు. ప్లేటు మీద అలా కాదు. ముల్లు నడిమికి జరుగుతూంటే, ఇంకా ఎన్ని గాళ్ళు మిగిలాయో కంటికి కనబడుతూనే ఉంటుంది. ఆఖరి రికార్డుకి ఇంతకన్నా తగిన సాధనం నాకు తోచదు. 2022లో అమెరికాలో సి.డి.లకన్నా ప్లేట్లే ఎక్కువ అమ్ముడుపోయాయంటే ఆశ్చర్యం ఏముంది?

పాటలన్నీ ఒక్క ఎత్తుగా లేవు. 1980 నాటి తొలి రికార్డు ‘లాస్ ఏంజిలిస్’లోని కసి ఇందులో లేదు. ‘బిగ్ బ్లాక్ ఎక్స్’ అనే పాటలో పాత రోజుల్ని తలుచుకున్నారు గాని, ఏడుపు లేదు, వేగమూ తగ్గలేదు. ఇంత సత్తా ఉండగా ఆపడం దేనికని మనసు పీకుతుంది. సత్తా ఉండబట్టే ఈ రికార్డు వినబుద్ధి అవుతోందన్నదీ నిజమే.

కొత్తవాళ్ళు ముందు ఆ తొలి రికార్డు విని, తరువాత ఇది పెట్టుకోవాలి. ఇంట్లో కేకలు వేస్తే, అరగంటలో అయిపోతుందని చెప్పండి.