స్తంభం మీది తీగలో వెలుగు: లేజరుకు ఒకే రంగు ఎందుకు?

పామిడిముక్కల: కరెంటు స్తంభాల వెంట ఊళ్లలోకి వచ్చిన ఫైబర్‌ తీగలో ప్రవహించేది కరెంటు కాదు, వెలుగు. రాష్ట్రంలో ఫైబర్‌నెట్‌ను 2017 డిసెంబరు 27న నాటి రాష్ట్రపతి రామ్‌నాథ్‌ కోవింద్‌ ప్రారంభించారు.

దూరాలకు కబురు మోసే లేజరు ఒకే రంగు వెలుగు ఇవ్వాలి. గాజులో ఒక్కో రంగుది ఒక్కో వేగం. ఉయ్యూరు మిల్లుకు ఒకేసారి బయలుదేరిన చెరకు బళ్లు ఎడ్ల సత్తువను బట్టి ముందూ వెనుకా చేరినట్లు, రంగులు ఎక్కువైతే సంకేతాలు కలగాపులగమవుతాయి.

2001లో అమెరికాలోని బర్క్‌లీలో పైడాంగ్‌ యాంగ్‌ బృందం జింక్‌ ఆక్సైడ్‌ తీగల నుంచి లేజరు రాబట్టింది. ఆ తీగ మందం తలవెంట్రుకలో దాదాపు వెయ్యో వంతు. దాని రెండు కొసలే అద్దాలు. వాటి నడుమ తిరుగుతూ వెలుగు బలపడుతుంది. చిక్కేమంటే, తరచు పలు రంగులు ఒకేసారి లేస్తాయి. రెండు తీగలను జతచేసి, లేదా తీగను ఉంగరంలా చుట్టి, ఒక్క రంగునే నిలపవచ్చని తర్వాతి ప్రయోగాలు నిరూపించాయి.

హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయంలో రాజదురై చంద్రశేఖర్‌ బృందం సన్నని సేంద్రియ స్ఫటికాలను సూదిమొనతో వంచి వెలుగు దారి మళ్లించింది.

ఇలాంటి లేజర్లు చిప్‌లలో కుదిరితే కంప్యూటర్ల విద్యుత్‌ ఖర్చు తగ్గవచ్చు. కాని 1977 ఉప్పెన చూసిన ప్రాంతమిది. గాలివానకు స్తంభం కూలితే తీగ తెగుతుంది. కబురు ఎక్కువగా కావలసింది ఆనాడే. లేజరు ఎంత మెరుగైనా, తీగను భూమిలో పూడ్చనిదే ఊరికి ఆ భరోసా దక్కదు.