ముందు నడిచినవారు లేని కులాలు

చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయంలో చదువుకుంటున్న ఉద్యోగార్థులను ఇక్కడికి ఎలా వచ్చారని అడిగితే, చాలామంది ఊళ్లో ముందుగా ఉద్యోగం సాధించిన ఒక అన్న పేరు చెబుతారు. ఏ పుస్తకం చదవాలో, అశోక్‌నగర్‌లో గది ఎక్కడ దొరుకుతుందో, నారాయణగూడలో ఏ కోచింగ్ మేలో చెప్పేది ఆ అన్నే. మరి అలాంటి అన్న ఒక్కడూ లేని కులం ఎవరిని చూసి నడవాలి? ఎస్సీ వర్గీకరణ అమలులో అడగవలసిన ప్రశ్న ఇదే.

ప్రభుత్వాలూ ఒకరిని చూసి మరొకరు నడిచినవే. ఎస్సీ కోటాలో సగం వాల్మీకి, మజహబీ సిక్కులకు ప్రాధాన్యంగా ఇస్తూ పంజాబ్ 1975లో ఉత్తర్వు తెచ్చింది. మాదిగ దండోరా ఉద్యమం ఒత్తిడితో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1997లో అదే దారి పట్టి, 2000లో చట్టం చేసింది. ఆ చట్టాన్ని 2004లో చిన్నయ్య కేసులో సుప్రీంకోర్టు కొట్టివేసింది. ఆ తీర్పు ఆధారంగానే 2006లో పంజాబ్ ఉత్తర్వు కూడా రద్దయింది. అనుసరించినవారి ఓటమి ఆదర్శంగా నిలిచినవారినీ పడగొట్టింది. చివరకు 2024 ఆగస్టు 1న పంజాబ్ కేసులోనే ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం వర్గీకరణకు తలుపు తెరిచింది. అయితే వెనుకబాటును, ప్రాతినిధ్య లోపాన్ని గణాంకాలతో నిరూపించాలన్నది.

తెలంగాణ చట్టం 2025 ఏప్రిల్ 14న అమలులోకి వచ్చింది. 59 కులాలను మూడు గ్రూపులు చేసి 1, 9, 5 శాతాలు కేటాయించింది. మొదటి గ్రూపులోని 15 కులాలు ఎస్సీ జనాభాలో సుమారు 3.3 శాతమే కనుక వాటికిచ్చినది జనాభాకు మించిన వాటాయే. కానీ వంద పోస్టులకు ఒకటి అంటే, ఇరవై ముప్పై పోస్టుల నోటిఫికేషన్‌లో ఆ ఒకటి రాకపోవచ్చు. ఇక శిక్షణ పొందిన అభ్యర్థే లేకపోతే వచ్చిన పోస్టు వల్లా ఫలితముండదు.

కనుక శాతాలు ప్రకటించడంతో ప్రభుత్వ బాధ్యత తీరదు. ఈ 15 కులాల యువతకు వసతితో కూడిన ప్రత్యేక శిక్షణ ఇవ్వాలి. ఏ కులానికి ఎన్ని నియామకాలు దక్కాయో ఏటా ప్రకటించాలి. వర్గీకరణ దళిత ఐక్యతను చీలుస్తుందన్న మాల సంఘాల ఆందోళనకు కూడా ఆ లెక్కలే జవాబు చెప్పాలి. ఇతర రాష్ట్రాలు మన నుంచి నేర్చుకోవలసినది ఏదైనా ఉంటే, అది ఈ లెక్క చెప్పే పద్ధతి కావాలి. ఒక కులం నుంచి మొదటి అధికారి వచ్చిన రోజున, ఆ వాడ పిల్లలకు చిక్కడపల్లి దారి చెప్పే అన్న దొరుకుతాడు.